ఏడు నెలలు తుప్పు కొట్టాను, ఓడ బ్రిడ్జి మీద పదకొండు రోజులు నిలబడ్డాను. దీన్ని శిక్షణ అనవచ్చునా?

వంశధార_క్యాడెట్
నేను డెక్ క్యాడెట్‌ను, అంటే ఓడ నడిపే అధికారి కావడానికి శిక్షణలో ఉన్నవాడిని. ఇంటర్ ఎంపీసీ తరువాత సముద్రయాన విశ్వవిద్యాలయం ఐఎంయూ ప్రవేశ పరీక్ష రాసి, ఏడాది డీఎన్ఎస్ అనే నౌకాయాన డిప్లొమా చదివి, బొగ్గు, ధాన్యం వంటివి మోసే 58,000 టన్నుల బల్క్ క్యారియర్ మీద మొదటి కాంట్రాక్టు ముగించుకుని గత నెలలో శ్రీకాకుళం వచ్చాను. ఓడ ఎక్కిన మరునాడు చీఫ్ ఆఫీసర్ నా చేతికి చిప్పింగ్ సుత్తి ఇచ్చారు. దిగే రోజు వరకు అది నా చేతిలోనే ఉంది. తుప్పు కొట్టడం, ప్రైమర్ పూయడం, రంగు వేయడం, సరుకు నింపే హోల్డులు కడగడం, రేవుకు చేరితే మోకుల దగ్గర స్టాండ్ బై, గ్యాంగ్‌వే కాపలా. ఈ ఏడు నెలల్లో ఓడను నడిపే చోటైన బ్రిడ్జి మీద వాచ్‌లో, అంటే నౌకాయాన విధిలో, నిలబడింది మొత్తం పదకొండు రోజులు. శిక్షణ రికార్డు పుస్తకంలో, అంటే మనం టార్ బుక్ అనే దానిలో, నౌకాయాన భాగమంతా దాదాపు ఖాళీగానే ఉంది.

వచ్చే నెల మళ్లీ జాయినింగ్ అని కంపెనీ నుంచి ఫోను వచ్చింది. శిక్షణకు కావలసిన పద్దెనిమిది నెలల్లో ఇంకా పదకొండు నెలలు మిగిలి ఉన్నాయి. పనికి నేను వెరవను, మా ఇంట్లో అందరం కష్టం చేసినవాళ్లమే. కానీ ఇలాగే సాగితే రేపు అధికారి కావడానికి రాసే సెకండ్ మేట్ పరీక్షలో ఏమని సమాధానం చెప్పాలి? అందరి అనుభవమూ ఇదేనా, లేక నా ఓడ మీదనే ఇలా జరిగిందా?

కాకినాడ_సెకండాఫీసర్
నా మొదటి ఓడ మీద కూడా మొదటి నాలుగు నెలలు ఇంచుమించు ఇలాగే గడిచాయి. అందువల్ల తమ్ముడి బాధ నాకు తెలుసు. అయితే తుప్పు కొట్టిన నెలలు వృథా అయ్యాయని నేను అనుకోను. ఏ వెంటిలేటర్ కాలరు దగ్గర ఇనుము పలుచబడుతుందో, హోల్డు నోటి చుట్టూ ఉండే ఏ హాచ్ కోమింగ్ గోడ మూలలో ఉప్పునీరు నిలుస్తుందో నాకు సుత్తి వల్లనే తెలిసింది. గట్టి ఇనుము మీద దెబ్బ వేస్తే గంటలా మోగుతుంది, పొరలు విడిన చోట మట్టికుండ మీద కొట్టినట్లు వినిపిస్తుంది. రేపు చీఫ్ ఆఫీసర్‌వై మరమ్మతు జాబితా రాసేటప్పుడు ఆ చెవి నీకు కావాలి.

పదకొండు రోజుల వాచ్ మాత్రం నిస్సందేహంగా తప్పు. నావికుల శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఎస్‌టీసీడబ్ల్యూ నియమం ప్రకారం వాచ్ అధికారి సర్టిఫికేటు కోరేవాడు తన సముద్ర సేవలో కనీసం ఆరు నెలలు, కెప్టెన్ లేదా అర్హత గల అధికారి పర్యవేక్షణలో, బ్రిడ్జి వాచ్ విధులు నిర్వర్తించి ఉండాలి. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, నీ సర్టిఫికేటుకు పునాది. దీని గురించి చీఫ్ ఆఫీసర్‌ను ఎప్పుడైనా నోరు తెరిచి అడిగావా?

డాల్ఫిన్‌నోస్_కెప్టెన్
నేను 1980ల ఆరంభంలో రాజేంద్ర శిక్షణ నౌక మీద క్యాడెట్‌ను. 1927లో డఫరిన్, 1972లో దాని స్థానంలో రాజేంద్ర, 1993లో ఒడ్డు మీద చాణక్య శిక్షణ సంస్థ. మన దేశంలో క్యాడెట్లను తీర్చిన వరుస అది. మాకు తెల్లవారుజామున డెక్ కడగడంతో రోజు మొదలయ్యేది. ఇత్తడి సామాను మెరిసేదాకా తోమేవాళ్లం. ఇది శిక్షణేనా అన్న ప్రశ్న మాకు తోచలేదు.

ఈ కుర్రవాడి ఫిర్యాదులో సగం నాకు నచ్చలేదు. సుత్తి పట్టని అధికారికి సరంగు, అంటే డెక్ పనివాళ్ల పెద్ద అయిన బోసన్, ఒక రోజులో ఎంత పని చేయగలడో తెలియదు. తెలియని అధికారి అసాధ్యమైన పని పురమాయించి, అది జరగనప్పుడు కేకలు వేస్తాడు. అటువంటివాళ్లను నేను కెప్టెన్‌గా చాలామందిని చూశాను. బ్రిడ్జి ఎక్కడికీ పోదు. ముందు ఓడను కింది నుంచి నేర్చుకోవాలి.

ఇంజన్‌గది_మచిలీపట్నం
ఇంజను క్యాడెట్లకు ఈ చర్చే ఉండదు. నూనె శుద్ధి చేసే ప్యూరిఫయరు విప్పడం, ఓడ అడుగున మురికినీరు చేరే బిల్జి శుభ్రం చేయడం, నలభై అయిదు డిగ్రీల వేడిలో నూనె తుడవడం, అదే మా తరగతి గది. అయితే మా సెకండ్ ఇంజనీరు గారు ప్యూరిఫయరు విప్పిన ప్రతిసారీ డిస్కులు నాచేతే లెక్కపెట్టించి, ఏది ఎందుకు అరిగిందో అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న వల్లనే అది కూలిపని కాకుండా చదువు అయింది. డెక్ మీద అలా అడిగేవాళ్లు లేకపోవడమే ఇక్కడి లోటని నాకనిపిస్తోంది.

వంశధార_క్యాడెట్
సెకండాఫీసర్ అన్నా, రెండుసార్లు అడిగాను. మొదటిసారి "హోల్డులు అయ్యాక చూద్దాం" అన్నారు. రెండోసారి అడిగినప్పుడు సమాధానమే రాలేదు.

ఆ హోల్డుల సంగతి కూడా చెప్పాలి. గంగవరంలో బొగ్గు దింపి బయలుదేరాము. తరువాతి రేవులో గోధుమలు ఎక్కించాలి. అంటే అయిదు హోల్డులూ గ్రెయిన్ క్లీన్‌గా ఉండాలి, తనిఖీకి వచ్చే సర్వేయరు తెల్లటి గుడ్డతో ఫ్రేము వెనుక తుడిచినా నల్లగా అంటకూడదు. ఉప్పునీటి జెట్‌తో కడిగి, మంచినీటితో మళ్లీ కడిగి, బిల్జి బావుల్లో మిగిలిన బొగ్గు బురదను డబ్బాలతో పైకి తోడాము. ఉదయం అయిదున్నరకు దిగితే రాత్రి పది దాటేది. ఆ మీదట పన్నెండింటికి బ్యాలస్ట్ ట్యాంకుల సౌండింగ్, అంటే వాటిలో నీటి లోతు కొలవడం, కూడా నాదే. అలా ఆరు రోజులు సాగింది. ఏడో రోజు విశ్రాంతి వేళల పట్టిక నా ముందు పెట్టారు. అందులో రోజుకు పదకొండు గంటల విశ్రాంతి అని అప్పటికే నింపి ఉంది. నేను సంతకం చేశాను. అప్పటి నుంచి నన్ను తొలుస్తున్నది తుప్పు కాదు, ఆ సంతకమే. మొదటి పోస్టులో రాయడానికి సిగ్గుపడ్డాను.

కాకినాడ_సెకండాఫీసర్
ఈ విషయం చెప్పినందుకు మెచ్చుకుంటున్నాను. ఇక్కడ చదివే క్యాడెట్లందరూ ఈ అంకెలు గుర్తుంచుకోవాలి. ఏ ఇరవై నాలుగు గంటలు తీసుకున్నా కనీసం 10 గంటలు, ఏ ఏడు రోజులు తీసుకున్నా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, వాటిలో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి, రెండు విశ్రాంతుల మధ్య ఎడం 14 గంటలు దాటకూడదు. నావికుల శ్రమకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం ఎంఎల్‌సీ 2006 చెప్పేది ఇదే. పట్టిక ప్రతి ఒకటి నీకు ఇవ్వాలి, దాని మీద నీ సంతకంతో పాటు కెప్టెన్ లేదా ఆయన నియమించినవారి సంతకం ఉండాలి. నీకు ఎప్పుడైనా ఆ ప్రతి ఇచ్చారా?

తప్పుడు పట్టిక కంపెనీకి కూడా మేలు చేయదు. రేవులో తనిఖీకి వచ్చే అధికారి లాగ్ బుక్‌లో హోల్డులు కడిగిన వేళలను, లంగరు ఎత్తిన వేళను, నీ పట్టికలోని నిద్ర వేళలను పక్కపక్కన పెట్టి చూస్తాడు. పట్టుబడితే ఓడను ఆపివేయవచ్చు. ముందుగా కెప్టెన్‌కు చెప్పాలి. అక్కడ వినకపోతే ఒడ్డున కంపెనీ తరఫున డీపీఏ అనే బాధ్యుడు ఉంటాడు, ఆయన పేరు, ఫోను నంబరు ప్రతి ఓడలోనూ అందరికీ కనిపించే చోట అంటించి ఉంటాయి. ఫిర్యాదు చేసినవాడి మీద కక్ష సాధించకూడదని కూడా అదే ఒప్పందం చెబుతుంది.

డాల్ఫిన్‌నోస్_కెప్టెన్
చిప్పింగ్ గురించి నేనన్న మాట మీదనే నిలబడతాను. కానీ విశ్రాంతి పట్టిక సంగతి చదివిన తరువాత ఆ చీఫ్ ఆఫీసర్‌ను సమర్థించలేను.

నేను కెప్టెన్‌గా ఉన్న ఒక ఓడలో, తెల్లవారుజామున మూడు గంటలకు, రేవు కట్టేటప్పుడు, బ్రిడ్జి రెక్క మీద నుంచి వెనుక డెక్ వైపు చూస్తున్నాను. వెనుక స్టేషన్‌లో ఉన్న క్యాడెట్ మోకు చుట్ట లోపల రెండు కాళ్లూ పెట్టి నిలబడి ఉన్నాడు. వించ్ తిరగడం మొదలైంది. అతను నన్ను చూస్తూనే ఉన్నాడు, కానీ ఆ కళ్లలో చూపు లేదు. నేను రేడియోలో అరిచేలోగా పక్కనున్న ఏబీ, అంటే అనుభవం గల నావికుడు, అతని బాయిలర్ సూటు పట్టుకుని ఇవతలికి లాగాడు. మరుక్షణం ఆ చుట్ట బిగిసింది. అతను అంతకుముందు ముప్పై గంటల్లో నాలుగు గంటలే నిద్రపోయాడని ఉదయం విచారిస్తే తెలిసింది. పట్టికలో పది గంటలని ఉంది, దాని కింద నా సంతకం ఉంది. ఆ తరువాత ఏ ఓడలోనూ క్యాడెట్ల పట్టికను వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా సంతకం చేయలేదు.

భీమిలి_సరంగు
కెప్టెన్ గారు ఆ ఏబీ మాట చెప్పారు కనుక మా వైపు నుంచి కూడా ఒక మాట రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు ఓడల మీద పని చేశాను, చివరి తొమ్మిదేళ్లు బోసన్‌గా. క్యాడెట్‌ను నాకు అప్పగిస్తే సుత్తి ఇచ్చి ఒక మూల కూర్చోబెట్టడం తేలిక. పనీ జరుగుతుంది, పిల్లవాడూ అడ్డం రాడు. నేనూ కొన్నిసార్లు అలా చేశాను, అది తప్పేనని ఒప్పుకుంటున్నాను.

ఒకసారి బొగ్గు లోడుతో వెళుతున్నాము. విజయనగరం వైపు పిల్లవాడు ఒకడు క్యాడెట్‌గా ఉన్నాడు. రెండో నంబరు హోల్డులోకి దిగే నిచ్చెన గది తలుపు తెరిచి ఉంది, అతని టార్చి అందులో పడిపోయింది. తీసుకువస్తానని ఒక కాలు లోపల పెట్టాడు. నేను కాలరు పట్టుకుని వెనక్కి గుంజితే వెల్లకిలా పడి, నన్ను కోపంగా చూశాడు. నేను ఏమీ అనకుండా గ్యాస్ మీటరు తెప్పించి, గొట్టాన్ని కిందికి దింపి, అంకె అతనినే చదవమన్నాను. బయట గాలిలో ప్రాణవాయువు 20.9 శాతం ఉంటుంది. అక్కడ 11 చూపించింది. బొగ్గు మూసి ఉన్న చోట గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. చూడడానికి తేడా ఉండదు, వాసన ఉండదు, రెండు మెట్లు దిగేసరికి మోకాళ్లు మడుచుకుపోతాయి. పడిపోయినవాడిని తీయడానికి దిగిన రెండోవాడు కూడా అక్కడే పడిపోతాడు. ఆ పిల్లవాడు మీటరు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇప్పుడతను చీఫ్ ఆఫీసర్. ప్రతి సంక్రాంతికి ఫోను చేస్తాడు.

వంశధార బాబూ, వచ్చే ఓడలో బోసన్ దగ్గరికి వెళ్లి "ఇది ఎందుకు ఇలా చేస్తున్నారు" అని అడుగు. అడిగే పిల్లవాడికి చెప్పకుండా ఉండడం మాకు కూడా కష్టం.

గోల్కొండ_థర్డాఫీసర్
నేను హైదరాబాద్ అమ్మాయిని, ట్యాంకర్ల మీద పని చేస్తున్నాను. క్యాడెట్‌గా ఉన్నప్పుడు నాకు జరిగింది దీనికి తలకిందులు. నన్ను డెక్ మీదకు పంపేవారే కాదు. బరువులు ఎత్తలేవని, ఎండలో నిలవలేవని చెప్పి బ్రిడ్జి మీద చార్టు సవరణలకు, ఆఫీసులో కాగితాలకు కూర్చోబెట్టారు. నాకిచ్చిన బాయిలర్ సూటు కూడా నాలాంటివాళ్లు ఇద్దరు పట్టే కొలతది. నా టార్ బుక్‌లో ఓడను రేవుకు కట్టే మూరింగ్ పేజీలు ఖాళీగా ఉండేవి. ఆ పేజీలు తెరిచి కెప్టెన్ గారి ముందు పెట్టి, "ఇవి నిండకపోతే నేను అధికారిని కాలేను" అన్నాను. మరుసటి రేవు నుంచి నన్ను ముందు స్టేషన్‌కు పంపించారు.

అక్కడ నేను మొదట నేర్చుకున్నది పైలట్ నిచ్చెన, అంటే రేవు పైలట్ పడవ నుంచి ఓడ ఎక్కే తాళ్ల నిచ్చెన. ప్రతి మెట్టూ అడ్డంగా సమంగా ఉందా, మెట్ల మధ్య ఎడం 31 నుంచి 35 సెంటీమీటర్ల లోపల ఉందా, కింది నుంచి అయిదో మెట్టు నిచ్చెన మెలిపడకుండా ఆపే పొడవాటి స్ప్రెడర్ అయి ఉందా, పక్క తాళ్లలో పీచు తెగిందా అని వేళ్లతో తడిమి చూడాలి. డెక్ నీటి మట్టానికి 9 మీటర్లు మించి ఎత్తులో ఉంటే నిచ్చెన ఒక్కటే సరిపోదు, ఓడ పక్కన వాలుగా దించే అకామడేషన్ ల్యాడర్‌తో జోడించాలి. మనం కట్టిన ముడి మీద వేరొకరి ప్రాణం ఆధారపడుతుంది.

ఆ నిచ్చెన గురించి మన తీరానికి సంబంధించిన ఒక సంగతి ఉంది. 2015 జూన్‌లో కాకినాడ వైపు నుంచి వెళ్లిన దుర్గమ్మ అనే చేపల పడవ ఇంజను చెడి, లంగరు పోయి, తిండీ నీళ్లూ లేకుండా గోపాల్‌పూర్ దాకా కొట్టుకుపోయింది. అందులో ఏడుగురు ఉన్నారు, చిన్నవాడికి పదిహేనేళ్లు. కెప్టెన్ రాధికా మీనన్ నడుపుతున్న సంపూర్ణ స్వరాజ్య అనే ట్యాంకర్ మీద సెకండ్ ఆఫీసర్ ఆ పడవను రెండున్నర కిలోమీటర్ల దూరం నుంచి చూశాడు. 25 అడుగులు దాటిన అలల్లో, మూడు ప్రయత్నాల తరువాత, పైలట్ నిచ్చెన మీదుగానే ఏడుగురినీ పైకి తెచ్చారు. 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ సాహస పురస్కారం ఆమెకు ప్రకటించింది. ఆ పురస్కారం అందుకున్న మొదటి మహిళ ఆమే. దూరాన పడవను చూసిన కన్ను బ్రిడ్జి మీద తయారైంది, నిచ్చెనను సిద్ధంగా ఉంచిన చేతులు డెక్ మీద తయారయ్యాయి. అందుకే ఈ రెంటిలో ఏది గొప్పదన్న వాదన నాకు రుచించదు. క్యాడెట్‌కు రెండూ దక్కాలి.

తెనాలి_నాన్న
మా అబ్బాయి ఇంటర్ రాశాడు, ఇదే దారిలో వెళతానంటున్నాడు. పైవన్నీ చదివి భయమూ కలిగింది, గౌరవమూ కలిగింది. ఓడ మీద ఉద్యోగం ఖాయంగా ఇప్పిస్తామని ఒక ఏజెంటు ఆరు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చునా?

డాల్ఫిన్‌నోస్_కెప్టెన్
ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఉద్యోగం చూపించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదన్నది నియమం. నియామక సంస్థకు ఆర్‌పీఎస్ఎల్ అనే నావికుల నియామక లైసెన్సు ఉండాలి, అది చెల్లుబాటులో ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. ప్రవేశ పరీక్ష రాయించండి. ఫీజు కట్టే ముందు ఆ కళాశాల నుంచి నిరుడు బయటికి వచ్చిన క్యాడెట్లలో ఎంతమంది ఓడ ఎక్కారో అడిగి, ఆ పిల్లలతోనే మాట్లాడండి.

వంశధార_క్యాడెట్
అందరి మాటలూ మా నాన్నకు చదివి వినిపించాను. కంపెనీ శిక్షణ విభాగానికి ఉత్తరం రాయాలని నిర్ణయించుకున్నాను. కోపం లేకుండా ఎలా రాయాలో తెలియడం లేదు. రెండు చిత్తు ప్రతులు చించేశాను.

కాకినాడ_సెకండాఫీసర్
ఎవరినీ నిందించకుండా అంకెలు రాయి. ఎన్ని రోజులు ఓడ మీద ఉన్నావు, ఎన్ని రోజులు వాచ్‌లో నిలబడ్డావు, టార్ బుక్‌లో ఏ పనులు మిగిలాయి, మిగిలిన పదకొండు నెలల్లో ఆరు నెలల వాచ్ ఎలా పూర్తి కావాలి. వచ్చే ఓడలో నాలుగు నుంచి ఎనిమిది వాచ్ ఇప్పించమని కోరు. పట్టిక విషయం వేరే ఉత్తరంలో, నువ్వు సంతకం చేసిన సంగతి దాచకుండా రాయి.

నాలుగు నుంచి ఎనిమిది ఎందుకంటే, నక్షత్రాలూ దిగంతరేఖా రెండూ కనిపించే సంధ్యవేళ ఆ వాచ్‌లోనే వస్తుంది. నేను మొదటిసారి నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్టెంట్ పట్టింది అరేబియా సముద్రంలో, ఒక సాయంత్రం. సప్తర్షి మండలం తోకను అదే వంపుతో పొడిగిస్తే స్వాతి, ఇంకా సాగదీస్తే చిత్త అని చిన్నప్పుడు మా అమ్మమ్మ మేడ మీద చూపించేది. ఆ స్వాతిని అద్దంలో మెల్లగా కిందికి దించి, సముద్రపు అంచును తాకించి, "మార్క్" అని అరిస్తే చీఫ్ ఆఫీసర్ గారు క్రోనోమీటరు చూసి సెకన్లు రాసుకున్నారు. నాలుగు సెకన్లు పొరబడితే రేఖాంశంలో ఒక నిమిషం తేడా వస్తుంది. నేను లెక్కకట్టిన స్థానం జీపీఎస్‌కు తొమ్మిది మైళ్ల దూరంలో పడింది. ఆయన నవ్వలేదు. రేపు సాయంత్రం మళ్లీ రమ్మన్నారు. పదహారో రోజుకు రెండు మైళ్లకు తెచ్చాను.

ఇంజన్‌గది_మచిలీపట్నం
మాకు నక్షత్రాలు లేకపోయినా మా అమ్మమ్మ కూడా స్వాతిని చూపించేది. ఈ పోస్టు చదివి ఇప్పుడే డాబా ఎక్కి చూసి వచ్చాను, మబ్బుగా ఉంది.

వంశధార_క్యాడెట్
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. రెండు ఉత్తరాలూ పంపాను. శిక్షణ విభాగం నుంచి ఒక కెప్టెన్ గారు స్వయంగా ఫోను చేసి అరగంట మాట్లాడారు. వాచ్ విషయంలో వచ్చే ఓడ కెప్టెన్‌కు రాశామని, మొదటి నెల డెక్, ఆ తరువాత నాలుగు నుంచి ఎనిమిది వాచ్ అని చెప్పారు. పట్టిక సంగతి విచారిస్తామన్నారు, అది ఏమవుతుందో చూడాలి. ఎల్లుండి పారాదీప్‌లో జాయినింగ్.

సరంగు గారూ, ఒక సందేహం. పోయిన ఓడలో రాత్రి సౌండింగ్ తీసినప్పుడల్లా నాకు అంకె పది, పదిహేను సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేది, ఉదయం ఏబీ తీస్తే సరిగ్గా వచ్చేది. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

భీమిలి_సరంగు
నిద్రమత్తులో టేపును గబగబా వదిలి ఉంటావు బాబూ. ఇత్తడి గుండు అడుగు పలకను తాకిన తరువాత కూడా టేపు దిగితే అది లోపల వంగి పక్కకు వాలుతుంది, అప్పుడు లెక్క ఎక్కువ చూపిస్తుంది. ముందటి రోజు అంకె చూసుకుని, ఆ చుట్టుపక్కల ఒక అడుగు మేర టేపుకు సుద్ద రాయి. చివరి మీటరు వేళ్ల మధ్య నుంచి మెల్లగా జారనివ్వు. గుండు తాకినప్పుడు "టక్" అని చేతికి తెలుస్తుంది, అక్కడే ఆపి పైకి లాగు. సుద్ద తడిసిన గీత దగ్గర చదువు. ఓడ ఊగుతుంటే మూడుసార్లు తీయి. గొట్టం మూత మళ్లీ బిగించడం మరచిపోకు.